కుట్టేసిన పేజీలు

కోరుట్ల, 2011 అక్టోబర్, గురువారం

తెలంగాణ సమ్మెల బడులు బందయి నెల కావొస్తున్నది. బీడీలు చేసుకునే మా వాడకు సుమతి టీచర్ ఒక పిల్లల పుస్తకం తెచ్చి ఇంటికొక్కరోజు తిప్పుతున్నది. యుద్ధంల చిక్కిన ఇద్దరు ఆడపిల్లల కథ. ఇయ్యాల మా లావణ్య వంతు. టీచర్ లోపలికి రాకుండ కడప అవుతల్నే నిలబడి ఇచ్చింది. మంచినీళ్లిస్తే వద్దన్నది. దొరల ఇంటి మనిషి, మా ఇంట్ల తాగదేమో అనుకున్న.

తెరిస్తే నడుమ నాలుగు పేజీలు దారంతోని కుట్టి ఉన్నయ్. ఎనుకనే ఉరికి పోయి అడిగిన.

"లావణ్యకు టీబీ గదమ్మా. గా పేజీలల్ల జబ్బు ముచ్చట ఉన్నది, పిల్ల భయపడ్తది" అన్నది.

నా ఒళ్లు మండింది. బాంబులు పడ్డ పేజీలకు భయం కాదట, దగ్గు పేజీలకు భయమట! నా బిడ్డ ఆర్నెల్ల సంది గోలీలు మింగుతున్నది. ఇగ ఎవ్వలకు అంటుకోదని డాక్టరే చెప్పిండు. జబ్బంటే ఏందో దానికి తెల్వదా, ఈమె దాచిపెడ్తదా?

బీడీలకు తునికాకు కత్తిరించే కత్తెరతోనే దారం కోసిన. లావణ్య పైకి చదివింది. దగ్గే పిల్లను అందరు దూరం పెడ్తరు. దోస్తు ఒక్కతే వచ్చి పక్కన కూసుంటది, ఆ పిల్ల గిలాసలనే నీళ్లు తాగుతది. టీచర్ వద్దన్న మంచినీళ్లు యాదికొచ్చినయ్. ఆఖరికి పిల్లకు నయమైతది. నయమయ్యే ముచ్చట సుత కుట్టేసింది మహాతల్లి!

రేపు పుస్తకం గిట్లనే ఇస్త. మళ్ల కుట్ట. కోపం జేసుకుంటె జేసుకోనీ.

"అమ్మా, టీచర్ గీ పేజీలు చదవలేదా?" అని అడిగింది లావణ్య.

"చదివింది బిడ్డా. చదివినంకనే కుట్టింది" అన్న.