పది మగ్గుల నీళ్లు

ఆగస్టు 4
మేడ మీద నా చిక్కుడు పాదు లేదు. మా తోడికోడలు మొదలంటా నరికేసింది. నీడ పడి దాని బట్టలు ఆరడం లేదట. అమ్మ పోయే ముందు ఇచ్చిన గింజల పాదు అది. నా దగ్గర ఇంకో గింజ లేదు. విత్తనానికని రెండు మూడు కాయలు ముదరనిచ్చాను. అవీ చెత్తబండి ఎక్కేశాయి. సారీ అక్కా అంది. చిక్కుడే కదా అన్నారు మా ఆయన.

ఆగస్టు 5
అన్నం సహించలేదు. మేడ మీద దాని టమాటా కుండీలు లెక్కపెట్టాను, పన్నెండు.

ఆగస్టు 9, ఉదయం 6
నా ఎరువు ఎలా చేస్తానో రాసిమ్మని అడిగింది. సిగ్గు లేకపోతే సరి. రాసిచ్చాను. బకెట్ నీళ్లలో వేరుశనగ చెక్క, అరటి తొక్కలు, గుప్పెడు బెల్లం. మూతపెట్టి పదిహేను రోజులు ఊరబెట్టి, వడకట్టి, మొక్కకో మగ్గు. ఒక్క లైను మాత్రం రాయలేదు: మగ్గు ఎరువుకి పది మగ్గుల నీళ్లు. చిక్కగా పోస్తే వేళ్లు మాడిపోతాయి. మాడనీ. నా కడుపు మండినట్టే దానిదీ మండాలి.

ఆగస్టు 25
వడకట్టిందట. ఆ కంపు కింద వంటింటి దాకా వచ్చింది. హాయిగా పీల్చాను.

సెప్టెంబర్ 6
టమాటాలు నిగనిగలాడుతున్నాయి. ఒక్క ఆకు వాడలేదు. ఆరా తీస్తే, ఎరువు రెండు నెలలు రావాలని మగ్గుకి బకెట్ నీళ్లు కలిపిందట. పిసినారిది. పాలలో నీళ్లు, షాంపూలో నీళ్లు, దీన్లోనూ నీళ్లే. పైగా అంతా నా చలవేనట. ఒళ్లు మండిపోయింది.

సెప్టెంబర్ 9, సాయంత్రం
ఇప్పుడే వచ్చి వెళ్లింది. చేతిలో చిన్న కుండీ. అందులో జానెడు చిక్కుడు మొలక, ఆకులు నల్లగా మాడి వేలాడుతున్నాయి. ఆ రోజే చెత్తబుట్ట అడుగున వెతికితే బండి ఎక్కకుండా మిగిలిన ఒక ఎండుకాయ దొరికిందట. మూడు గింజలు వేస్తే ఒకటే మొలిచిందట. పూత వచ్చాక నాకిచ్చి ఆశ్చర్యపరుద్దామని గదిలో దాచి పెంచిందట. తన టమాటాలకైతే నీళ్లు కలిపిందట గానీ, అక్క మొక్క కదా, దీనికి కలపడానికి మనసొప్పలేదట. రోజూ చిక్కటిదే పోసిందట.



సెప్టెంబర్ 12
మట్టి పదిసార్లు కడిగాను. కాండం మెత్తబడిపోయింది. తను మళ్లీ వచ్చింది, ఏం తప్పు చేశానక్కా అని. నీళ్లు ఎక్కువయ్యాయన్నాను. నిజమే అనుకుని ఏడ్చింది.