గుడాల బలం

ఖాజాగూడ,
2 ఫిబ్రవరి 2025, ఆదివారం.

ప్రియమైన బుల్లిబాబుకు,

ఓదెలు నమస్కారాలు. ఇక్కడ అమ్మ, మీ చెల్లెలు రేఖ, నేను, గోడకు ఆనించిన నా సైకిలు, అందరమూ కులాసా. కూకట్‌పల్లిలో నువ్వూ జయలక్ష్మి వదినా చల్లగా ఉన్నారని తలుస్తాను. వాట్సాప్‌లో రాస్తే ఆ రెండు గీతలు ఎప్పుడు నీలం అవుతాయా అని కాచుకుని కూర్చోవాలి. కాగితానికి ఆ బాధ లేదు. అందుకే ఎన్నేళ్ళకో పెన్ను పట్టాను.

కబురేమిటంటే, నిన్న మూడువందల కిలోమీటర్ల రైడ్ పూర్తిచేశాను. అదే దారి. తెల్లవారకముందే గచ్చిబౌలిలో బయలుదేరి, వికారాబాదు మీదుగా తాండూరు దాటి పోయి, మళ్ళీ అనంతగిరి గుట్టలు ఎక్కి రావడం. కిందటేడు మనిద్దరం మధ్యలో వదిలేసిన దారి.

ఆ రోజు గురించి ఏడాదిగా మనం ఒక్క మాటా అనుకోలేదు. నీకది మామూలు రైడ్ కాదని నాకు తెలుసు. నానక్‌రామ్‌గూడ సర్వీసు రోడ్డులో కారు గుద్ది నీ కుడికాలు నుజ్జయ్యాక, ఇక సైకిలు మాట మరచిపొమ్మని డాక్టర్లు చెప్పాక, నువ్వు లేచి నిలబడి పెట్టుకున్న మొదటి దూరప్రయాణం అది. అనంతగిరి ఎత్తులో నా తొడలు బిగుసుకుపోయి రోడ్డు పక్కన కూలబడితే, ముందు పోతున్నవాడివి వెనక్కి తిరిగి వచ్చావు. నన్ను ట్రాలీ ఆటోలో వేసుకుని వికారాబాదు చేర్చావు. దాంతో గడువు దాటిపోయి నీ రైడ్ కూడా పోయింది.

బస్టాండు దగ్గర నీళ్ళ సీసా నా చేతికిచ్చి, "గుడ్లు తినరా, ఒంటికి బలం పడుతుందీ అని ఎన్ని నెలలు మొత్తుకున్నాన్రా నేను! నీ పప్పుచారుతో నువ్వు మునిగావు, నన్నూ ముంచావు" అన్నావు. "పోనీ తియ్యి భాయ్, మల్లోసారి చూద్దాం తియ్యి" అన్నాను. ఆ మల్లోసారి నువ్వొక్కడివే చూసుకో అన్నావు. తర్వాత హైటెక్ సిటీలో మన ఆఫీసు వదిలి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు మారిపోయావు. క్యాంటీన్‌లో మన బల్ల దగ్గర ఇప్పుడు ఎవరో కొత్త పిల్లలు కూర్చుంటున్నారు.

నీ మాటలో కోపమే కాదు, నిజమూ ఉంది. మాంసం మానేశాక నా ఒళ్ళు కరుగుతూ వచ్చింది. ప్యాంట్లు తొడల దగ్గర వదులైపోయాయి. వారం వారం తొక్కుతున్నానే కాని, తొక్కినందుకు ఒంట్లో ఏదీ నిలిచేది కాదు. చివరికి రేఖ పోరు పడలేక మాదాపూర్‌లో ఒక డైటీషియన్ దగ్గరకు వెళ్ళాను. ఏం తింటారని అడిగితే అన్నం, పప్పుచారు, పెరుగు అని దర్జాగా చెప్పాను. ఆవిడ నవ్వి, "మీరు పప్పు తినట్లేదండీ, పప్పు ఉడికిన నీళ్ళు తాగుతున్నారు" అంది. ఇంతింత దూరాలు తొక్కే మనిషికి కావలసిన ప్రోటీన్‌లో సగం కూడా నాకు అందడం లేదట. ఒక పూట కడుపునిండా కుక్కితే చాలదట, ప్రతి పూటా కొంత పడాలట, తొక్కి వచ్చాక మరీను.

ఇంటికొచ్చి ఈ ముక్క చెప్పగానే వంటగది అమ్మ చేతిలోకి పోయింది. "ఇగ ఫికర్ జెయ్యకు బిడ్డా, గుడాలు పెడ్త" అంది. మీరు గుగ్గిళ్ళంటారే, అవే. ఉలవలు, బొబ్బర్లు, శనగలు, పొద్దునా మాపునా గిన్నెలకు గిన్నెలు. వారం తిరక్కుండా నా కడుపు డప్పైంది. బయోడైవర్సిటీ చౌరస్తా దగ్గర సైకిలు ఆపి పొట్ట పట్టుకుని కూర్చున్నాను, నువ్వు చూసి ఉంటే పగలబడి నవ్వేవాడివి. మళ్ళీ ఆవిడ దగ్గరకే పోతే, కొంచెం కొంచెంగా అలవాటు చేయమంది, నానబెట్టి మొలకెత్తించమంది. గుడాలు గుప్పెడుకు తగ్గాయి. మధ్యాహ్నం డబ్బాలోకి రేఖ మీల్‌మేకర్ కూరో పనీరో సర్దడం మొదలుపెట్టింది. రాత్రికి ముద్దపప్పు, గడ్డపెరుగు. తొక్కి రాగానే చిక్కటి మజ్జిగలో పుట్నాల పిండి, ఉప్పు కలుపుకుని తాగుతాను. తాగాక మీసం తెల్లబడుతుంది.

ఎప్పుడు మారిందో చెప్పలేను. ఒక తెల్లవారుజామున కేబుల్ బ్రిడ్జి మీద పోతున్నాను. కింద దుర్గం చెరువు కనపడలేదు, అంతా పొగమంచు. అద్దాల మేడలు కాళ్ళు లేకుండా మబ్బులో తేలుతున్నాయి. చక్రాల చప్పుడు కూడా వినిపించడం మానేసింది. నేను తొక్కుతున్నానా, నిద్రలో ఉన్నానా అనిపించింది. వంతెన దాటిపోయాక తెలిసింది, కాళ్ళు నొప్పి పుట్టడం లేదని.

నిన్న అనంతగిరి కింద ఆగి, జేబులోంచి అమ్మ చేసిన సర్వపిండి ముక్క తీసి తిన్నాను. నాలుగు మలుపులు ఎక్కేసరికి ఎండ పలచబడింది. చెట్లు ఆకులు రాలుస్తున్నాయి, ఒక్కొక్కటీ ఎంత మెల్లగా దిగుతున్నదంటే, అది నేల చేరేలోపు నేనొక జన్మ ఎత్తి రావచ్చు. అప్పుడు నువ్వు కనబడ్డావు. నా ముందు, నీ పసుపుపచ్చ జెర్సీలో, కుడి భుజం కొద్దిగా వంచి తొక్కుతూ. అలసటలో కళ్ళు అట్లా చూపిస్తాయని తెలుసు. అయినా, "జర ఆగు భాయ్, వస్తున్న" అని పైకే అన్నాను. మేకలు తోలుకుపోతున్న ముసలామె, ఎవలతోని మాట్లాడుతున్నవ్ కొడుకా అని అడిగింది. దోస్తుతోని అన్నాను. ఆమె దారివంక చూసి, మంచిగనే ఎక్కుతున్నడు తియ్యి అంది.

కిందటేడు కూలబడిన చోటు ఎక్కడో గుర్తుపట్టకుండానే దాటిపోయాను. పైకి చేరితే ఎవరూ లేరు, గాలి తప్ప. గడువు లోపలే గచ్చిబౌలి చేరాను. రైడ్ పెట్టినవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఫొటో తీశారు. సంతోషంగా ఉండవలసింది. ఎవరితో చెప్పుకోవాలా అని చూస్తే పక్కన నువ్వు లేవు.

వచ్చే ఆదివారం పొద్దున్నే కేబుల్ బ్రిడ్జి దగ్గర ఉంటాను. పెద్ద దూరం వద్దు, శంకర్‌పల్లి దాకా పోయొద్దాం. పుట్నాల మజ్జిగ రెండు సీసాలు తెస్తాను. నీకు కావాలంటే గుడ్లు నువ్వు తెచ్చుకో, నేనేమీ అనను.

ఎదురుచూస్తూ,
నీ ఓదెలు

తా.క.: మాంసం ఎందుకు మానేశావని నువ్వడిగినప్పుడల్లా ఒంటికి పడడం లేదన్నాను. అది అబద్ధం. నువ్వు దవాఖానలో ఉండగా, కాలు తీసేయాల్సి రావచ్చని డాక్టరు జయలక్ష్మి వదినతో అంటుంటే నేను వెనకే నిలబడి ఉన్నాను. ఆ పూటే మా ఓదెల మల్లన్నకు మొక్కుకున్నాను, నీ కాలు నీకు దక్కితే ఏడాదిపాటు నీసు ముట్టనని. ఆ ఏడాది మనం రైడ్‌కు పోకముందే నిండిపోయింది. నువ్వు గుడ్లు తినమన్నప్పుడు తినడానికి నాకే అడ్డూ లేదు. కాని నువ్వు ఆ కాలితోనే పెడల్ తొక్కుతూ నా కళ్ళముందు ఎత్తులు ఎక్కుతుంటే, మొక్కు తీరిపోయిందని మల్లన్నతో చెప్పడానికి నాకు నోరు రాలేదు.