బాపు తిట్లు కావాలి

నల్గొండ,
బుధవారం.

చిన్నబాపుకు,

పొలం గట్టు తగాదా తర్వాత మన ఇళ్ల మధ్య మాటలు లేవని తెలిసే రాస్తున్నాను. చింపేయకుండా చివరిదాకా చదవండి.

బాపుకు మోటార్ న్యూరాన్ జబ్బు ముదిరింది. పోయిన ఏడాదే చేతులు పడిపోయాయి, ఇప్పుడు మాట కూడా లేదు. తెర మీద అక్షరాలను కళ్లతో చూస్తే మిషను వాటిని పలుకుతుంది. పాత రికార్డింగులు ఇస్తే ఆయన గొంతుతోనే పలుకుతుందన్నారు. మాట ఉన్నప్పుడే, పుస్తకాల భాష మీద మోజుతో, నా తెలుగు వాచకమంతా ఆయన చేత చదివించి దాచాను. తప్పు అక్కడే చేశాను. నిన్న మిషను బాపు గొంతుతో మంచినీళ్లు అడిగితే అవ్వ ఉలిక్కిపడి, "ఎవలే గీ సారు? నా కొడుకు ఎన్నడన్న గిట్ల వార్తలు సదివినట్టు మాట్లాడిండా?" అంది. బాపు ముఖం తిప్పుకోలేక కళ్లు మూసుకున్నాడు.

ఆయన అసలు మాట మా ఫోన్లలో లేదు. ఒకే ఇంట్లో ఉండే మనిషి మాకెందుకు వాయిస్ మెసేజ్ పెడతాడు? గట్టు కొట్లాటలో మీకు పెట్టినవే ఉన్నాయి. తిట్లే అయినా పంపండి. బాపును అడిగితే మీ గురించి తెర మీద రాశాడు: "జంగిగాడు ఎప్పుడో డిలీట్ చేసి ఉంటడు." చేయలేదనే నా నమ్మకం.

మిషనుకు మళ్లీ నేర్పేవాళ్లు సోమవారం వస్తారు. అప్పటిదాకా నాకు చదువు మీద మనసు నిలవదు. పంపడం తెలియకపోతే ఫోన్ పట్టుకుని మీరే రండి. బాపు తిడతాడని భయం వద్దు. ఇప్పుడు ఒక్క తిట్టు రాయడానికి ఆయనకు రెండు నిమిషాలు పడుతుంది. కాస్త ఓపికగా పక్కన కూర్చోవాలి, అంతే.

మీ అన్న బిడ్డ