మలుపు దగ్గర ఎవరు ఆగాలి

తిరుపతి,
2-2-1984

ప్రియమైన పంకజకు,

నీ ఉత్తరం మొన్న అందింది. వెంటనే జవాబు రాద్దామంటే వారం రోజులుగా మాకు సైకిళ్ల తనిఖీ పెట్టారు. పొద్దున ఆరుకు బస్టాండు ముందర గొడుగు కింద నిలబడితే మధ్యాహ్నం దాకా ఈల నోట్లోనే. గదికొచ్చి పడుకున్నా నిద్రలో చెయ్యి ఎత్తి బండ్లు ఆపుతున్నానట, నాతో ఉండే వెంకటముని ఒకటే నవ్వు. నాకు మాత్రం నవ్వు రావడం లేదు. కుదురుగా నిద్రపట్టి చాలా రోజులైంది.

సైకిలు మీద ఇద్దరెక్కితే తప్పు, బెల్లు లేకపోతే తప్పు, చీకట్లో దీపం లేకపోతే తప్పు. నిన్న ఒకాయన అద్దె సైకిలు మీద ముందర బిడ్డను, వెనక భార్యను ఎక్కించుకుని వచ్చాడు. ముగ్గురికీ గుండ్లే. ఆపితే, "కొండ నుంచి వస్తా ఉండాం సామీ, ఇప్పుడే పాపాలన్నీ పోయినాయి. మళ్లీ ఒకటి రాసేస్తావా?" అన్నాడు. దింపి నడిపించి పంపేశాను.

సైకిళ్లకన్నా మోపెడ్లతో తలనొప్పి. కాలేజీ పిల్లలు నన్ను చూడగానే ఇంజను ఆపేసి పెడళ్లు తొక్కుతూ "ఇది సైకిలే సార్" అని జారుకుంటారు. మా ఎస్సైని అడిగాను. "ఇంజనుంటే మోటారు బండే దేవరాజులూ. తొక్కినా, తోసినా లైసెన్సు ఉండాల్సిందే" అన్నాడు.

అందుకే రాస్తున్నాను. బదిలీ అయిన డాక్టరమ్మ దగ్గర తీసుకున్న మోపెడ్‌ను నువ్వు ముట్టుకోవద్దు. చిత్తూరులో లైసెన్సుకు కాగితాలు పెట్టేదాకా నీకు సైకిలే. నర్సు ఉద్యోగానికి ఎనిమిది ఊళ్లు తిరగాలని తెలుసు. అయినా ఆగు. పోలీసు పెళ్లామే తప్పు చేస్తే నేనీ గొడుగు కింద ఏ మొహంతో నిలబడను?

నీ ధ్యాసలోనే ఉన్న
దేవరాజులు


వడ్డిమిట్ట,
16-2-1984

ప్రియమైన బావకు,

ఇక్కడ అందరూ బాగున్నారు. మొన్న ఆదివారం పొద్దున పక్క ఊరి దళితవాడ సుబ్బులమ్మకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఎదురుకాళ్లతో వస్తుంటే చాలా భయపడ్డాను. తల్లీ బిడ్డా క్షేమం.

మోపెడ్ గుడ్డ కప్పి వసారాలో పెట్టాను. ఇప్పుడు దాని జోలికి పోవడం లేదు.

ఒక సంగతి అడగాలి. పూతలపట్టు పోయే పెద్దరోడ్డు మీద ఒక సైకిలు వస్తున్నదనుకో. మా ఊరి మట్టిరోడ్డు నుంచి ఒక బండి వచ్చి ఆ రోడ్డెక్కుతున్నదనుకో. మలుపు దగ్గర ఎవరు ఆగాలి? సైకిలుకు దీపం లేకపోతే తప్పు సైకిలుదేనా? ఊళ్లో మాట వచ్చింది, ఒక్కొక్కరు ఒక్కో విధంగా చెబుతున్నారు. నీకు బాగా తెలుసు కాబట్టి అడుగుతున్నాను. తొందరగా రాయి. కార్డు అయినా చాలు.

అన్నం వేళకు తిను. నేను కూడా సరిగా తినడం లేదు.

నీ
పంకజ


తిరుపతి,
20-2-1984

ప్రియమైన పంకజకు,

నువ్వు ఇలాంటివి అడుగుతావని ఎప్పుడూ అనుకోలేదు. సంతోషమైంది. వెంకటమునికి కూడా చదివి వినిపించాను.

చిన్నరోడ్డు నుంచి పెద్దరోడ్డెక్కే బండే ఆగాలి. రెండు పక్కలా చూసి, దారి ఉంటేనే కదలాలి. పెద్దరోడ్డు మీద వచ్చేది లారీ అయినా, సైకిలైనా, ఎద్దులబండి అయినా ఒకటే. దీపం లేకపోవడం వేరే తప్పు, దానికి వేరే కేసు. దీపం లేదని మనిషిని గుద్దే హక్కు ఎవరికీ లేదు. మా ఎస్సై దీన్నే, "సైకిలోడికి దీపం ల్యాకపోతే నీకు కండ్లు ల్యావా?" అంటాడు.

ఇదీ చట్టం. ఊళ్లో ఎవరు వాదించినా ఈ ఉత్తరం చూపించు.

ఇంతకీ ఎందుకు అడిగావు? సరిగా తినడం లేదని రాశావు, ఒంట్లో ఎలా ఉంది?

నీ జవాబు కోసం చూసే
దేవరాజులు


వడ్డిమిట్ట,
3-3-1984

ప్రియమైన బావకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు పెట్టెలో దాచాను. ఇక దాచలేను.

ఆ బండి నాదే. ఆ ఆదివారం తెల్లారగట్ల సుబ్బులమ్మ మొగుడు పరుగెత్తుకుంటూ వచ్చి, "బిడ్డ కాలు బైటికొచ్చినాదమ్మా" అన్నాడు. సైకిలైతే ముప్పావుగంట పడుతుంది. నువ్వు వద్దన్నది గుర్తుంది, అయినా మోపెడ్ తీశాను. మలుపు దగ్గర నేను ఆగలేదు. చూడను కూడా చూడలేదు. పెద్దరోడ్డు మీద కుప్పయ్య అనే పెద్దాయన మొదటి బస్సుకు అందించాలని సైకిలు మీద చామంతి గంపతో పోతున్నాడు. నేరుగా పోయి గుద్దాను.

ఆయన మోకాలి కింద ఎముక విరిగింది. గంప కట్టిన బద్దలు విరిచి నా పైటకొంగు చించి కాలికి కట్టాను. లారీ ఒకటి ఆపి చిత్తూరు పెద్దాసుపత్రికి పంపించాను. పంపించి, బండి అక్కడే వదిలి సుబ్బులమ్మ దగ్గరికి నడిచిపోయాను. అటు పోవాలా, ఇటు పోవాలా అని ఆ రోడ్డు మీద ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

సాయంత్రం స్టేషనుకు పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను. హెడ్‌కానిస్టేబుల్ ఆదిమూలం గారు రాసుకున్నాడు. పదిహేను రోజుల తర్వాత కుప్పయ్యను చూద్దామని ఆసుపత్రికి పోతే, ఆయన నన్ను చూసి చేతులు జోడించాడు. "తప్పు నాదే అంట తల్లీ. దీపం ల్యాకుండా అడ్డం వచ్చినానంట. కాగితంలో ఏలిముద్ర వేసినా. నీకేమీ దెబ్బలు తగల్లేదు గదా?" అన్నాడు. బావా, కాలు విరిగింది ఆయనకు. క్షమించమని నన్ను అడుగుతున్నాడు.

అక్కడి నుంచి నేరుగా స్టేషనుకు పోయాను. ఆదిమూలం గారు, "నువ్వు మన దేవరాజులు పెండ్లానివి గదమ్మా. గమ్మునుండు. లైసెన్సు ల్యాదని తెలిస్తే నీ ఉద్యోగం పోతాది. ముసిలోడికి పోయేదేముండాది?" అన్నాడు.

కుప్పయ్య భార్య గంగులమ్మ ఇప్పుడు గంప నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్లు నడుస్తున్నది. నాకు ఏ పని మీదా చెయ్యి నిలవడం లేదు. సూది మరగబెట్టడానికి పెట్టి మరిచిపోతున్నాను.

ఆదిమూలం గారు అలా ఎందుకు రాశాడో నువ్వే కనుక్కుని రాయి.

పంకజ


తిరుపతి,
27-3-1984

ప్రియమైన పంకజకు,

మూడు వారాలు రాయలేదు. నాలుగుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆదిమూలం అలా రాయడానికి కారణం నేను. నీకు చట్టం రాసి పోస్టు చేసిన రెండో రోజు బస్సు కండక్టరు చెంగల్రాయుడు నన్ను చూసి, "మీ ఇంటామె బండితో ముసిలాయన్ను గుద్దేసింది గదప్పా, నీకు తెలీదా?" అన్నాడు. మధ్యాహ్నమే సెలవు పెట్టి వచ్చాను. నీ దగ్గరికి రాలేదు. స్టేషనుకు పోయాను. ఆదిమూలం, నేను ట్రైనింగులో ఒకే గదిలో ఉన్నవాళ్లం. "సైకిలుకు దీపం ల్యాదు గదా, అది చాలు" అని నేనే అన్నాను. నీ ఉద్యోగం కోసం అనుకున్నాను. నా మొహం కోసం కూడా. మళ్లీ బస్సెక్కి తిరుపతి వచ్చేశాను.

ఆ తర్వాత రోడ్డు మీద ఒక్క సైకిలును కూడా ఆపలేకపోయాను. ఈల నోట్లో పెట్టుకుంటాను, ఊదలేను. దీపం లేనివాడు నా ముందునుంచే పోతుంటే చూస్తూ నిలబడ్డాను.

పోయిన సోమవారం ఆదిమూలాన్ని బతిమాలాను. "రాసింది రాసినట్టే. నన్ను ముంచొద్దు" అన్నాడు. అందుకని చిత్తూరు పోయి డీఎస్పీ గారికి నా తప్పు కాగితం మీద రాసిచ్చాను. కేసు మళ్లీ విచారిస్తామన్నారు. నన్ను ట్రాఫిక్ నుంచి తీసేశారు. చిత్తూరు పోలీసు లైనులో ఉండమన్నారు, మిగతాది విచారణ తర్వాత.

అక్కడినుంచి ఆసుపత్రికి పోయాను. యూనిఫాం చూసి కుప్పయ్య లేవబోయాడు. "దీపం కొంటా సామీ, కాలు కుదరనీ" అన్నాడు. తప్పు ఆయనది కాదని చెప్పాను. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను.

"ఆ మాట మా ఆడదానికి సెప్పి పో సామీ. నలభై దినాలుగా తిడతా ఉండాది. నేను సెప్తే నమ్మదు" అన్నాడు.

గంగులమ్మ వచ్చేదాకా కూర్చున్నాను. అంతా చెప్పాను, నువ్వు నా భార్యవని కూడా. ఆమె తిట్టలేదు. "ఆయమ్మ దినం మార్చి దినం వచ్చి ఈయనకు ఒళ్లు తుడిచి పోతా ఉండాది. నువ్వు ఇప్పుడా వచ్చేది?" అంది.

 

నీకు నా మొహం చూపించాలని ఉంది, భయంగానూ ఉంది. ఒక్క ముక్క రాయి.

దేవరాజులు


వడ్డిమిట్ట,
12-4-1984

ప్రియమైన బావకు,

నాకు తెలుసు. నేను రెండోసారి స్టేషనుకు పోయిన రోజే ఆదిమూలం గారు, "రాయమన్నది మీ ఆయనే, పొయ్యి ఆయన్ను అడుక్కో" అన్నాడు. అది నీకు రాయలేదు. నువ్వే చెబుతావేమోనని చూశాను. మూడు వారాలు పోస్టుమ్యాను సైకిలు బెల్లు వినిపించినప్పుడల్లా గడప దాకా వచ్చి వెనక్కి పోయాను. నువ్వు ఎప్పటికీ రాయకపోయి ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. అది ఇప్పుడు ఆలోచించను.

సోమవారం చిత్తూరు కోర్టులో తప్పు నాదేనని చెప్పాను. లైసెన్సు లేదని కూడా చెప్పాను. జడ్జి గారు చాలాసేపు మందలించి జరిమానా వేశారు. కుప్పయ్య మీద కేసు తీసేశారు. మా పై డాక్టరు గారు నోటీసు ఇచ్చారు. ఉద్యోగం ఉంటుందనే అంటున్నారు, కానీ నన్ను పలమనేరు వైపు మారుస్తారట. మార్చనీ. అక్కడా పురుళ్లుంటాయి.

నీ మీద కోపం పోలేదు. కొంచెం తగ్గింది. అబద్ధం రాయడం చేతకాదు.

మొన్న కుప్పయ్యకు కాలికట్టు విప్పారు. ఆదివారం పొద్దున మంచం దింపి నడిపించి చూస్తారు. గంగులమ్మకు అంత బలం లేదు. ఒక పక్క నేను పట్టుకుంటాను. రెండో పక్కకు మనిషి కావాలి. ఎనిమిదింటికల్లా వచ్చేయి.

పంకజ