పనిచేయని మందు

కర్నూలు,
ఆదివారం

పెద్దక్కకు,

రాయచోటిలో నా ఆసుపత్రి కోసం గది చూసి, బోర్డు కూడా రాయించావని బావ చెప్పాడు. నేను రావడం లేదక్కా. మిషను కుట్టి నన్ను డాక్టరును చేశావు. నీ మాట కాదనడం నాకు ఇదే మొదటిసారి. ఫోనులో చెబితే నువ్వు ఏడుస్తావు, నేను వస్తానని ఒప్పేసుకుంటాను. అందుకే రాస్తున్నాను.

"రోగుల్ని వదిలేసి ఆ రీసెర్చ్ ఏందే?" అన్నావు. రోగుల్నే చూస్తున్నానక్కా. ఆదోని దగ్గర పల్లె నుంచి గురమ్మ అనే పెద్దామె వచ్చేది. చక్కెర జబ్బుతో కాలి మీద మానని పుండు. కొత్త మందు పరీక్షలో చేరేముందు, "దీంతో నాకు నయమైతాదా?" అని అడిగింది.

"తెలీదమ్మా. తెలుసుకోడానికే ఇస్తున్నాం."

"తెలీదని చెప్పే డాక్టరును ఇప్పుడే చూస్తాండా" అని నవ్వి వేలిముద్ర వేసింది.

పోయిన నెల ఫలితం వచ్చింది. పాత మందు కంటే కొత్తది ఏమీ మేలు కాదు. ఉత్తరం పంపితే చాలన్నారు మా పెద్ద డాక్టరు. నాకు మనసొప్పక ఆమె ఇంటికే వెళ్లాను. పుండు అలాగే ఉంది. ఎలాగో చెప్పాను. చెబుతుంటే కళ్లలో నీళ్లు ఆగలేదు.

గురమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఏడుస్తావేందే పిచ్చిదానా? పనిచేయదని తేలింది గదా. ఇంక ఎవురూ దాన్ని ఊరికే మింగే పనిలేదు."

ఇన్నేళ్ల చదువులో నా పని ఏమిటో నాకు ఇంత తేటగా ఎవరూ చెప్పలేదక్కా. ఇప్పుడు ప్రతి శుక్రవారం ఆమె కాలికి నేనే కట్టు కడుతున్నాను.

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. కానీ ఒక్కసారి ఇక్కడికి వచ్చి, చూసి, అప్పుడు తిట్టు.

నీ చిన్నది