అమ్మ కానుకకు నా పేరు

ఆదివారం

ఇవాళ నేను చేసిన పని తలుచుకుంటే నా మీద నాకే రోత పుడుతోంది.

వత్సవాయి చర్చిలో బల్ల మీద స్కానర్ పెట్టినప్పటి నుంచి, కానుక ఫోన్లో వేసినవాళ్ల పేర్లే చదివి ప్రార్థన చేస్తున్నారు. సంచిలో నోటు వేసినవాళ్లకు పేరెక్కడిది! అమ్మకు మోకాళ్ల నొప్పులు. తన పేరు మీద ఒక్కసారైనా ప్రార్థన జరగాలని ఆశ. పత్తి తీతకు వెళ్లిన మొదటి రోజు కూలి, వంద నోట్లు మూడు, పొద్దున నా చేతిలో పెట్టింది.

"నీ ఫోన్లో వెయ్యమ్మా. ఈసారన్నా అయ్యగారు నా పేరు చదువుతారు."

వేశాను. ఫోన్ నాది కాబట్టి నా పేరే వెళుతుందన్న ఆలోచన, బళ్లో పిల్లలకు పాఠాలు చెప్పే నాకు రాలేదు.

"సునీత టీచర్ గారు కృతజ్ఞత కానుక ఇచ్చారు. దేవుడు ఆమెకు ఆరోగ్యం ఇచ్చును గాక" అని అయ్యగారు ప్రార్థించారు. అందరూ నా వైపు తిరిగి నవ్వారు. లేచి, "అది మా అమ్మదండి" అంటే సరిపోయేది. సిగ్గేసి తల దించుకున్నాను. అమ్మ మాత్రం అందరికంటే గట్టిగా ఆమెన్ అంది.

బయటికొచ్చాక, "పోన్లే, నీకైనా నొప్పులు రాకుండా ఉంటాయి" అంది. తిట్టినా బాగుండేది.

జగ్గయ్యపేటకు తిరిగొస్తుంటే ఆటో డ్రైవరు, "ఫోన్ వద్దు మేడం, నోటివ్వండి, డీజిల్ కొట్టించాలి" అన్నాడు. పర్సులో ఉన్నవి అమ్మ నోట్లే. ఒకటి తీసిచ్చాను. చిల్లర నా చేతిలో పెట్టి, "సరిపోయిందా మేడం?" అన్నాడు.