తెగని చెప్పు

సుగుణ నాన్నగారికి,

మద్రాసులో గుండె ఆపరేషన్ చేయించుకుని మన పిల్ల ఇంటికొచ్చింది. పుట్టుకతో వచ్చిన లోపం పూర్తిగా పోలేదట గానీ, పెదవుల నీలం తగ్గింది. పోలీసు యాక్షన్ అయిన ఏడే మీరు పోయారు. అప్పటినుంచి దాన్ని ఎత్తుకు తిరిగీ తిరిగీ నా నడుం పడిపోయింది.

ఇదివరకు మోండా మార్కెట్‌కు వెళ్తుంటే, ఆయాసం వచ్చి అది నడిదారిలో గొంతుక్కూర్చునేది గదా. జనం దాన్నే చూస్తారని మీరూ పక్కన కూర్చుని, చెప్పు తెగినట్టు సర్దుకునేవారు.

ఈ రోజు మార్కెట్‌కు వెళ్తుంటే సుగుణ ఎక్కడా ఆగలేదు. అది అప్పట్లో కూర్చునే చోటికి రాగానే నేనే కూలబడ్డాను.

"ఏందమ్మా, తక్లీఫ్ అయితుందా? జెర కూసో, పోదాం" అంటూ వెనక్కి వచ్చి నా పక్కన కూర్చుంది. జనం నన్నే చూస్తున్నారని, తెగని చెప్పును సర్దుకోసాగింది.